కె12, కె21: కంట్రోల్ ప్యానెల్ లేబుళ్లను నేరుగా డ్రాయింగ్ నుంచే ప్రింట్ చేయడం మొదలుపెట్టిన కేస్ స్టడీ

ఫోన్ వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. మేం తయారుచేసి పంపిన కంట్రోల్ ప్యానెల్ అప్పటికి కొన్ని నెలలుగా బాగానే నడుస్తోంది. రెండో కూలింగ్ పంపు ఆగిపోయిందట. మెయింటెనెన్స్ టెక్నీషియన్ డ్రాయింగ్ తెరిచి, రెండో పంపుని నడిపే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కె21 అని చూసుకుని, ప్యానెల్‌లో కె21 అని రాసి ఉన్న రిలేని బేస్ నుంచి లాగాడు. అంతే, చక్కగా నడుస్తున్న మొదటి పంపు కూడా ఆగిపోయింది. నీళ్లు లేక ప్రొడక్షన్ లైన్ మొత్తం ట్రిప్ అయింది.

"సార్, నేను తీసింది కె21నే. లేబుల్ ఫోటో పంపుతున్నా, మీరే చూడండి" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. తప్పు తన మీదికి వస్తుందేమోనని అతని భయం.

ఫోటో చూశాను. లేబుల్ శుభ్రంగా ఉంది, తిన్నగా అతికించి ఉంది, అక్షరాలు స్పష్టంగా కె21 అని చెబుతున్నాయి. కానీ దాని కింద వైర్ల చివర తొడిగిన ఫెరూల్స్ (నంబరు రాసిన చిన్న గొట్టాలు) మీది నంబర్లు కె12కి చెందినవి. రెండు రిలేల లేబుళ్లు తారుమారయ్యాయి. అతను చేసిన పనిలో ఏ తప్పూ లేదు. మేం రాసిన పేరుని నమ్మాడు.

మర్నాడు పాత ఫైళ్లు తీసి, ఇది ఎలా జరిగిందో వెతికాం. లేబుళ్ల జాబితా టైప్ చేసిన అబ్బాయి డ్రాయింగ్‌లో కె21ని చూసి ఒకచోట కె12 అని కొట్టాడు. తర్వాత సరిచూసుకుంటుంటే జాబితాలో కె12 రెండుసార్లు కనిపించింది. ఒకదాన్ని కె21గా మార్చాడు. మార్చాల్సింది రెండోది, మార్చింది మొదటిది. జాబితాలో ఇప్పుడు ఏ పేరూ రెండుసార్లు లేదు, ఏదీ తగ్గలేదు, లెక్క సరిపోయింది. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మరి ప్యానెల్ పంపే ముందు టెస్టింగ్ చేశాం కదా, అందులో ఎందుకు దొరకలేదు? ఈ ప్రశ్నే నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది. వైరింగ్ అంతా సరిగ్గానే ఉంది. మొదటి పంపు బటన్ నొక్కితే మొదటి పంపే తిరిగింది, రెండోది నొక్కితే రెండోదే తిరిగింది. కరెంటు లేబుల్ చదవదు. అందుకే లేబుల్ తప్పు ఎన్ని ఫంక్షనల్ టెస్టులైనా దాటుకుని వెళ్లిపోతుంది. ఏదైనా చెడిపోయిన రోజున, ఒంటరిగా, తొందరలో ఉన్న మనిషి చేతిలో మాత్రమే అది బయటపడుతుంది.

మేం లేబుళ్లు చేసే పద్ధతిని మార్చింది ఈ సంఘటన తర్వాతే. ఏం చేశామో, ఎక్కడ తడబడ్డామో వివరంగా రాస్తున్నాను. ప్యానెల్ డిజైన్, తయారీ పనిలో ఉన్నవాళ్లకు నేరుగా ఉపయోగపడుతుందని నా ఆశ.

పాత పద్ధతి

డిజైన్ కంప్యూటర్‌లోనే జరిగేది. సర్క్యూట్ డ్రాయింగ్, టెర్మినల్ (వైర్లు కలిపే చోటు) డ్రాయింగ్, పరికరాలు బిగించే మౌంటింగ్ ప్లేట్ లేఅవుట్, అన్నీ క్యాడ్‌లోనే (డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే). వాటిని కాగితం మీద ప్రింట్ తీసి షాప్‌కి ఇచ్చేవాళ్లం. అక్కడ ఒకరు ఆ కాగితం పక్కన పెట్టుకుని, ఫెరూల్ ప్రింటర్ చిన్న కీబోర్డు మీద ఒక్కో వైరు నంబరు కొట్టేవారు. ఇంకొకరు కాంపొనెంట్ లేబుళ్లు టైప్ చేసేవారు. టెర్మినల్ మార్కర్లు మరొకరు.

అంటే కంప్యూటర్‌లో ఒకసారి ఉన్న పేరు కాగితంలోకి వెళ్లి, కళ్ల గుండా వేళ్లలోకి దిగి, మళ్లీ ఇంకో యంత్రంలోకి చేరేది. అదీ మూడు చోట్ల, ముగ్గురి చేతుల మీదుగా. మా ప్యానెళ్లలో 200 వైర్లు ఉండటం మామూలే. ప్రతి వైరుకీ రెండు చివర్లు కాబట్టి 400 ఫెరూల్స్. దానికి కాంపొనెంట్లు, టెర్మినళ్లు, కేబుళ్లు కలుపుకోండి. ఇన్నిటిలో ఒక్కటి కూడా తప్పు పడకుండా టైప్ చేయమని మనిషిని అడగడమే అన్యాయం.

కె12 టైప్ చేసిన అబ్బాయిని ఎవరూ ఏమీ అనకూడదని మొదటి రోజే అందరికీ చెప్పాను. టైప్ చేయాల్సిన అవసరమే ఉండకూడదు, అంతే.

లేబుళ్లలో ఎన్ని రకాలు

మొదట ప్రింటర్ల కేటలాగులు ముందేసుకున్నాం. రెండు రోజులకే అది తప్పు దారి అని తెలిసింది. ముందు తెలియాల్సింది మన ప్యానెల్‌లో ఎన్ని రకాల లేబుళ్లు ఉన్నాయి, ఒక్కోదాని సమాచారం డ్రాయింగ్‌లో ఎక్కడుంది అనేది. అందుకే పూర్తయిన ఒక ప్యానెల్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, కనిపించిన ప్రతి అక్షరాన్నీ రాసుకున్నాను.

కాంపొనెంట్ మీద ఒక లేబుల్ ఉంటుంది. దాని పక్కనే మౌంటింగ్ ప్లేట్ మీద అదే పేరుతో ఇంకొకటి ఉండాలి. ఎందుకంటే రిలే చెడిపోయి కొత్తది పెడితే పాతదాని మీది లేబుల్ పాతదాంతో పాటే చెత్తబుట్టలోకి పోతుంది. ప్లేట్ మీద చోటు లేదని కొందరు వైర్లు పోయే డక్ట్ మూత మీద అతికిస్తారు. దయచేసి అలా చేయకండి. మూతలన్నీ తీసి పని చేసి మళ్లీ పెట్టేటప్పుడు ఏ మూత ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. లేబుళ్లన్నీ ఒక వరుస పైకో కిందికో జరిగిపోతాయి.

ఇవి కాక టెర్మినల్ మార్కర్లు, వైర్ల ఫెరూల్స్, కేబుల్ ట్యాగులు, డోర్ మీద బటన్లకూ లైట్లకూ పేరు పలకలు, హెచ్చరిక స్టిక్కర్లు, చివరగా ప్యానెల్ నేమ్‌ప్లేట్. వీటిలో హెచ్చరిక స్టిక్కర్లు తప్ప మిగతావన్నీ డ్రాయింగ్ నుంచి రావాల్సినవే. యంత్రాల విద్యుత్ పరికరాల ప్రమాణం ఐఈసీ 60204-1 కూడా ఇదే అడుగుతుంది: డాక్యుమెంట్లలో ఏ పేరు ఉందో ప్యానెల్‌లోని పరికరం మీదా అదే పేరు ఉండాలి. చాలామంది దీన్ని ఇన్‌స్పెక్షన్ కోసం పాటించే నియమంగా చూస్తారు. నాకు మాత్రం లేబుల్ అంటే డ్రాయింగ్‌లో ఒక ముక్కే, కాకపోతే అది ప్యానెల్ లోపల అతికించి ఉంటుంది.

డ్రాయింగ్ కడుపులో ఏముంది

ఈప్లాన్, ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్ లాంటి ఎలక్ట్రికల్ క్యాడ్ సాఫ్ట్‌వేర్లలో కాంపొనెంట్ గుర్తు అంటే గీతల బొమ్మ మాత్రమే కాదు. దాని వెనక ట్యాగ్, పార్ట్ నంబరు, వర్ణన, ఎక్కడ బిగించాలి అన్న సమాచారం ఉంటుంది. దాన్ని రిపోర్టుగా ఫైల్‌లోకి తీసుకోవచ్చు. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ఆ ఫైల్ చదివి, టెంప్లేట్‌లో ఏ గడికి ఏ కాలమ్ అన్నది చూసుకుని లేబుళ్లు కొట్టేస్తుంది. వినడానికి ఒక పూట పని. మాకు నెలలు పట్టింది. ఆ నెలలన్నీ ప్రింటర్ దగ్గర గడవలేదు, డ్రాయింగుల దగ్గర గడిచాయి.

మొదటి రిపోర్టు తీసినప్పుడు ఒక కాంటాక్టర్ (పెద్ద కరెంటుకి వాడే రిలే లాంటి స్విచ్) అందులో లేదు. డ్రాయింగ్ షీట్ మీద చూస్తే ఉంది, పేరుతో సహా ఉంది. మౌస్‌తో దాని మీద నొక్కితే విషయం బయటపడింది. ఎవరో ఎప్పుడో ఆ బ్లాక్‌ని (డేటా ఉన్న గుర్తుని) పగలగొట్టి, మామూలు గీతలుగా మార్చి, పక్కన పేరుని ఉత్త టెక్స్ట్‌గా రాశారు. కాగితం మీద చదివే మనిషికి రెండూ ఒకటే. డేటా అడిగే యంత్రానికి మాత్రం అక్కడ కాంటాక్టర్ లేనే లేదు. పాత డ్రాయింగ్‌లను కాపీ చేసుకుంటూ వచ్చిన మా షీట్లలో ఇలాంటివి చాలా బయటపడ్డాయి. ఒక్కోదాన్నీ తీసేసి, సరైన బ్లాక్ పెట్టి, మళ్లీ పేరు పెట్టాం. దీనికి దగ్గర దారి లేదు.

రెండోది దీనికి తలకిందులు. ఒక కాంటాక్టర్‌కి ఒక్క లేబుల్ రావాల్సింది పోయి నాలుగు వచ్చాయి. కారణం చూస్తే, సర్క్యూట్ డ్రాయింగ్‌లో ఒకే కాంటాక్టర్ చాలా చోట్ల కనిపిస్తుంది. కాయిల్ ఒక షీట్‌లో, మెయిన్ కాంటాక్టులు పవర్ షీట్‌లో, ఆగ్జిలరీ కాంటాక్టులు ఇంకో రెండు షీట్లలో. సాఫ్ట్‌వేర్ వీటిని తల్లి, పిల్లలు అన్న పద్ధతిలో కలిపి ఉంచుతుంది. లేబుల్ తల్లికి మాత్రమే కావాలి. రిపోర్టులో ఆ ఫిల్టర్ పెట్టకపోతే గుర్తు కనిపించిన ప్రతిచోటికీ ఒక లేబుల్ పడుతుంది. ఫిల్టర్ పెట్టాక ఇంకో సంగతి తెలిసింది: కొన్ని కాంటాక్టులకు తల్లే లేదు. డిజైనర్ కాయిల్ పేరు మార్చి, కాంటాక్టు పేరు మార్చడం మర్చిపోయాడు. ఆ పిల్ల కాంటాక్టు, అసలు ఉనికిలోనే లేని కాంటాక్టర్ వైపు చూపిస్తూ ఉండిపోయింది. అది లేబుల్ సమస్య కాదు, అచ్చమైన డిజైన్ తప్పు. లేబుళ్ల కోసం వెతకబోయి డిజైన్ తప్పు పట్టుకోవడం అదే మొదటిసారి. తర్వాత అది అలవాటుగా మారింది.

మూడోది పేర్ల పద్ధతి. ఐఈసీ 81346 ప్రమాణం ప్రకారం పూర్తి గుర్తింపుకి మూడు కోణాలు ఉంటాయి. సమానం గుర్తుతో మొదలయ్యేది ఆ భాగం ఏ పని కోసమో చెబుతుంది, ప్లస్‌తో మొదలయ్యేది అది ఎక్కడుందో చెబుతుంది, మైనస్‌తో మొదలయ్యేది ఆ వస్తువు ఏదో చెబుతుంది. ఏ అక్షరం ఏ రకం పరికరానికి అన్నది ఆ ప్రమాణం రెండో భాగంలో ఉంటుంది. పాత అలవాటులో కాంటాక్టర్‌కి కె, ఇండికేటర్ లైటుకి హెచ్ వాడేవాళ్లం. కొత్త పద్ధతిలో పవర్ సర్క్యూట్ కాంటాక్టర్ క్యూ అవుతుంది, లైటు పి అవుతుంది, కంట్రోల్ రిలేకి కె మిగులుతుంది. మా లైబ్రరీలో రెండు కాలాల గుర్తులూ కలిసిపోయి ఉన్నాయి. ఒకే ప్యానెల్‌లో ఒక కాంటాక్టర్ కె3, దాని పక్కది క్యూ4. మనిషి సర్దుకుపోతాడు. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకుని నిలబడాలని నిర్ణయించాం. కొత్త ప్రాజెక్టులన్నీ కొత్త పద్ధతిలోనే చేశాం. పాత ప్యానెళ్లకు మార్పులు వస్తే పాత పేర్లే ఉంచాం. అప్పటికే అతికించి ఉన్న పేరుని ప్రమాణం కోసం మార్చడం ప్రమాదమని నా అభిప్రాయం.

స్ప్రెడ్‌షీట్ దగ్గర దెబ్బ

ఇది ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఇక్కడ దెబ్బ తింటారు.

క్యాడ్ నుంచి వచ్చిన ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి స్ప్రెడ్‌షీట్‌లో తెరిచాం. మన పేర్లు సమానం, ప్లస్, మైనస్ గుర్తులతో మొదలవుతాయి కదా. స్ప్రెడ్‌షీట్‌కి అవి లెక్కల సూత్రాలు. మైనస్ కె12 అని ఉన్న గడిలో పేరు పోయి 0 కనిపించింది. అది నయం, వెంటనే తెలుస్తుంది. మిగతావి నోరు విప్పకుండా మారిపోయాయి. 3-4 అనే వైరు పేరు ఏప్రిల్ 3 అయిపోయింది. 01 అనే టెర్మినల్ 1 అయింది. మధ్యలో ఇంగ్లీషు ఇ అక్షరం ఉన్న 1ఇ3 లాంటి పేరుని 1ని పదితో మూడుసార్లు గుణించిన సంఖ్యగా అర్థం చేసుకుని 1000 చేసింది. ఫైల్ చూసి, ఏమీ మార్చకుండానే సేవ్ నొక్కి మూసేసినా చాలు, అసలు పేర్లు పోయినట్లే.

అప్పటి నుంచి స్ప్రెడ్‌షీట్‌ని దారిలోంచి పూర్తిగా తీసేశాం. క్యాడ్ రిపోర్టు ట్యాబ్‌తో విడదీసిన టెక్స్ట్ ఫైల్‌గా, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో వస్తుంది. కామాతో కాకుండా ట్యాబ్‌తో ఎందుకంటే, వర్ణనల్లో కామాలు ఉంటాయి, అక్కడ కాలమ్‌లు జరిగిపోతాయి. ఆ ఫైల్‌ని పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రాం చదివి, తనిఖీ చేసి, ప్రింటర్‌కి కావాల్సిన ఫైళ్లుగా విడగొడుతుంది. ఎవరికైనా చూడాలనిపిస్తే చూడటానికి వేరే కాపీ ఇస్తాం. ఆ కాపీ ప్రింటర్ వైపు ఎప్పటికీ వెళ్లదు.

ఆ ప్రోగ్రాం గురించి ఒక మాట. అది ఏ తప్పునీ తనంతట తాను సరిదిద్దదు. ఒకే పేరు రెండుసార్లు ఉన్నా, పేరు ఖాళీగా ఉన్నా, తల్లి లేని పిల్ల కనిపించినా, ఆ షీట్ నంబరు చెప్పి ఆగిపోతుంది. ఒక్క వరుస తప్పున్నా మొత్తం ప్రింటింగ్ ఆగుతుంది. మొదట్లో షాప్ వాళ్లకి ఇది చిరాకు తెప్పించింది. మిగతావి కొట్టి ఇవ్వొచ్చు కదా అని అడిగారు. నేను ఒప్పుకోలేదు. తప్పు డ్రాయింగ్‌లో ఉంటే డ్రాయింగ్‌లోనే సరిచేయాలి. లేబుల్ ఫైల్‌లో సరిచేస్తే మళ్లీ రెండు నిజాలు మొదలవుతాయి, ఏదో ఒక రాత్రి మళ్లీ ఫోన్ వస్తుంది.

పొడవు తనిఖీ కూడా అందులోనే పెట్టాం. లేబుల్ వెడల్పుకి పేరు పట్టకపోతే కొన్ని టెంప్లేట్లు చివరి అక్షరాన్ని కోసేస్తాయి. కె112లో చివరి 2 పోతే మిగిలేది కె11. అదే ప్యానెల్‌లో నిజంగానే ఒక కె11 ఉంటుంది. కోసినట్టు కూడా తెలియదు.

చేతి వరుస

మొదటిసారి అన్నీ సరిగ్గా ప్రింటయిన రోజు, ఫెరూల్స్ రోల్ పట్టుకుని సంతోషంగా షాప్‌లోకి వెళ్లాను. అన్నీ నంబర్ల వరుసలో ఉన్నాయి. మా సీనియర్ వైర్‌మన్ ఆ రోల్ చూసి, కాసేపు ఆగి, "సార్, ఇది మీ వరుస. నాకు నా చేతి వరుస కావాలి" అన్నారు.

"చేతి వరుస అంటే ఏంటన్నా?"

"నేను ఒకటో నంబరు వైరు వేసి రెండో నంబరు వైరుకి పోను కదా సార్. ఒక రిలే దగ్గర నిలబడితే దాని వైర్లన్నీ అయ్యాకే పక్క రిలేకి పోతా. ఈ రోల్‌తో చేస్తే ప్రతి వైరుకీ ముక్క కోసం వెతుక్కోవాలి. మునుపు కాగితం చూసి కొట్టించుకున్నదే నయం."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ తర్వాత రెండు రోజులు ఆయన పక్కనే నిలబడి పని చూశాను. మొదట పై రైలు (పరికరాలు బిగించే లోహపు పట్టీ), ఎడమ నుంచి కుడికి. ప్రతి పరికరం దగ్గరా పై స్క్రూలు, తర్వాత కింది స్క్రూలు. తర్వాత రెండో రైలు. టెర్మినళ్లు ఆఖరున. ఈ క్రమం సర్క్యూట్ డ్రాయింగ్‌లో లేదు. లేఅవుట్ డ్రాయింగ్‌లో ఉంది, పరికరం ఏ రైలు మీద ఎన్నోది అన్న రూపంలో. కాబట్టి ప్రోగ్రాం ఇప్పుడు రెండు రిపోర్టులు చదువుతుంది. పేరు సర్క్యూట్ నుంచి వస్తుంది, వరుస లేఅవుట్ నుంచి వస్తుంది. రోల్ విప్పుతుంటే ఏ ఫెరూల్ వస్తే అదే ఆయనకి కావాల్సింది.

టెర్మినల్ మార్కర్లకు మాత్రం నంబర్ల వరుసే కావాలి, కానీ కంప్యూటర్ వరుస కాదు. అక్షరాల లెక్కన పేర్చితే 1 తర్వాత 10, 11 వచ్చి, ఆ తర్వాత 2 వస్తుంది. మార్కర్ పట్టీ మొత్తం వృథా. సంఖ్యని సంఖ్యగా చూసి పేర్చే రెండు లైన్ల కోడ్‌తో అది తీరింది. ఇంకో విషయం, పట్టీ మీద నంబర్ల మధ్య దూరం. 2.5 చదరపు మి.మీ. టెర్మినల్ సాధారణంగా 5.2 మి.మీ. వెడల్పు ఉంటుంది. 5 అని గుండుగుత్తగా వేసుకుంటే ఒక్కో దానికి 0.2 మి.మీ. తేడా. నలభై టెర్మినళ్లు వెళ్లేసరికి 8 మి.మీ., అంటే ఒకటిన్నర టెర్మినల్ జరిగిపోతుంది. చివరి నంబర్లు పక్క టెర్మినల్ మీద కూర్చుంటాయి. అందుకే టెర్మినల్ పార్ట్ నంబరు నుంచే వెడల్పు తీసుకునేలా చేశాం.

ఫెరూల్స్‌లో ఇంకా రెండు చిక్కులు. మూసి ఉన్న గొట్టం కాబట్టి అది వైరు చివర లగ్ (లోహపు కొస) క్రింప్ చేయకముందే, అంటే నొక్కి బిగించకముందే, వైరు మీదికి ఎక్కాలి. అంటే వైరింగ్ మొదలయ్యే రోజుకి ఫెరూల్స్ చేతిలో ఉండాలి, ఆలస్యమైతే చేసిన పని కోసి మళ్లీ చేయాలి. గొట్టం లోపలి కొలత వైరు మందానికి సరిపోవాలి కాబట్టి వైరు సైజు కూడా డ్రాయింగ్‌లో నింపి ఉండాలి. మా డిజైనర్లు అంతకుముందు దాన్ని ఖాళీగా వదిలేసేవారు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

రెండోది తలకిందుల సమస్య. 16 రాసి ఉన్న ఫెరూల్‌ని తిప్పి తొడిగితే 91 అని చదువుకుంటాం. 66 అయితే 99, 68 అయితే 89. అందుకే 6కీ 9కీ కింద గీత వేసే పాత అలవాటుని టెంప్లేట్‌లోకి తెచ్చాం. అలాంటి జంటల్లో రెండూ ఒకే ప్యానెల్‌లో ఉంటే ప్రోగ్రాం ముందే చెబుతుంది.

ప్రింటర్, రిబ్బన్, మెటీరియల్

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. నేరుగా వేడితో నల్లబడే కాగితం లేబుళ్లు ప్యానెల్ లోపలికి పనికిరావు, లోపలి వేడికి అవి కాలక్రమంలో మారిపోతాయి. థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్ (రిబ్బన్ మీది సిరాని వేడితో లేబుల్ మీదికి దించేది), రెసిన్ రిబ్బన్, పాలిస్టర్ లేబుల్, ఈ మూడూ కలిస్తే నిలుస్తుంది. వ్యాక్స్ రిబ్బన్ పాలిస్టర్ మీద గోరు తగిలినా లేచిపోతుంది. చిన్న అక్షరాలు కావాలంటే 300 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) తీసుకోండి. 203 డీపీఐలో 2 మి.మీ. ఎత్తు అక్షరానికి 16 చుక్కలే వస్తాయి, 300లో దాదాపు 24. 8కీ బికీ తేడా తెలియాలంటే ఆ చుక్కలు కావాలి.

కొనే ముందు రుద్ది చూశాం. ప్యానెళ్ల ప్రమాణం ఐఈసీ 61439-1లో మార్కింగ్‌కి ఒక పరీక్ష ఉంది: నీళ్లలో తడిపిన గుడ్డతో 15 సెకన్లు, పెట్రోలియం స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఇంకో 15 సెకన్లు చేత్తో రుద్దాలి, అక్షరాలు చదవడానికి వీలుగా నిలవాలి. మా బల్ల మీద నాలుగు నమూనాలు పెట్టి రుద్దితే రెండు మిగిలాయి.

డోర్ మీది పలకల గురించి తెలుగువాళ్లకి ఒక మాట చెప్పాలి. ఆపరేటర్లకి తెలుగులో కావాలన్నప్పుడు, ప్రింటర్ లోపలి ఫాంట్లకి పేరుని అక్షరాలుగా పంపితే ఒత్తులూ గుణింతాలూ విడిపోయి పడ్డాయి. "స్టార్ట్" అన్న మాటలో వత్తులు పక్కకొచ్చి కూర్చున్నాయి. కంప్యూటర్‌లోనే మొత్తం పలకని బొమ్మగా తయారుచేసి పంపితే చక్కగా వచ్చింది. తెలుగు పలక కింద పరికరం పేరు మాత్రం డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉంచాం, ఎందుకంటే ఫోన్‌లో మాట్లాడుకునేటప్పుడు పనికొచ్చేది అదే.

రివిజన్ వచ్చినప్పుడు

కొత్త ప్యానెల్‌కి లేబుళ్లు కొట్టడం తేలిక. సగం వైరింగ్ అయ్యాక డ్రాయింగ్ మారితే అసలు పరీక్ష.

మా మొదటి రివిజన్‌లో డిజైనర్ ఒక్క లైటు కలిపాడు. దానికి రెండు వైర్లు. సాఫ్ట్‌వేర్‌లో వైరు నంబర్లు ఆటోమేటిక్‌గా వేసే బటన్ నొక్కాడు. ఆ లైటు తర్వాత వచ్చే వైర్లన్నీ రెండేసి నంబర్లు ముందుకి జరిగాయి. అప్పటికే తొడిగి, క్రింప్ చేసి, బిగించిన ఫెరూల్స్ అన్నీ ఒక్క క్లిక్‌తో తప్పయిపోయాయి. షాప్‌కి తెలిసేలోపే కొత్త డ్రాయింగ్ మీద సంతకం కూడా పడింది. డ్రాయింగ్‌నే పాత నంబర్లకి వెనక్కి తీసుకెళ్లాల్సి వచ్చింది.

అప్పటి నుంచి నియమం ఇదీ: మొదటి ఫెరూల్ ప్రింటయిన క్షణం నుంచి ఉన్న వైరు నంబర్లన్నీ లాక్. కొత్త వైరుకి ఆఖరి నంబరు తర్వాతది ఇస్తాం, వరుస అందంగా లేకపోయినా పర్వాలేదు. తీసేసిన వైరు నంబరుని ఆ ప్యానెల్‌లో మళ్లీ వాడం.

ప్రోగ్రాం పాత రివిజన్ ఫైల్‌నీ కొత్తదాన్నీ పోల్చి రెండు జాబితాలు ఇస్తుంది. ఒకటి కొత్తగా ప్రింట్ చేయాల్సినవి, రెండోది ప్యానెల్ నుంచి తీసేయాల్సినవి. రెండో జాబితా లేకుండా చాలాకాలం నడిపాం. అది పొరపాటు. కొత్త లేబుల్ అతికించిన మనిషికి, పాతది ఇంకా ఎక్కడో వేలాడుతోందని ఎవరు చెబుతారు? తీసిన పాత లేబుళ్లని ఒక కాగితం మీద అతికించి ఫైల్‌లో పెట్టడం మా వైర్‌మన్ మొదలుపెట్టారు. ఎన్ని తీశారో అది చూస్తే చాలు, జాబితాతో పోల్చుకోవచ్చు. ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వని నమ్మకం ఆ కాగితం ఇస్తుంది.

టెస్టింగ్‌లో కూడా ఒక అడుగు కలిపాం. ఒకరు డ్రాయింగ్ దగ్గర కూర్చుంటారు, ఇంకొకరు ప్యానెల్ దగ్గర నిలబడి పరికరం మీద ఉన్న పేరుని పైకి చదువుతారు. డ్రాయింగ్ దగ్గరున్నవాళ్లు ఆ పేరు కింద ఉన్న వైరు నంబర్లు చెబుతారు, ప్యానెల్ దగ్గరున్నవాళ్లు ఫెరూల్స్ చూసి అవునో కాదో అంటారు. లేబుల్ సరిగ్గా ప్రింటయినా తప్పు చోట అతికించే అవకాశం ఇంకా ఉంది కాబట్టి దీన్ని ఎప్పటికీ తీసేయం. కె12 లేబుల్ తప్పుని ఆ రోజు ఈ ఒక్క అడుగు పట్టుకుని ఉండేది.

సైట్‌లో జరిగే మార్పుల సంగతి మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. కమిషనింగ్‌లో (సైట్‌లో మొదటిసారి నడిపించే దశలో) ఎర్ర పెన్నుతో డ్రాయింగ్ మీద మార్పులు రాస్తారు, చేతి ప్రింటర్‌తో అక్కడికక్కడే లేబుల్ కొడతారు. ఆ ఎర్ర గీతలు క్యాడ్‌లోకి ఎక్కేదాకా మళ్లీ రెండు నిజాలు ఉన్నట్లే. ప్రస్తుతానికి సైట్‌లో కొట్టేవన్నీ పసుపు పచ్చ లేబుళ్లే వాడాలని పెట్టుకున్నాం. డ్రాయింగ్ సరిచేసి తెల్ల లేబుళ్లు పంపేదాకా అవి పసుపు పచ్చగానే ఉంటాయి. ప్యానెల్ తలుపు తీసినవాళ్లకి ఏది ఇంకా డ్రాయింగ్‌లోకి ఎక్కలేదో కంటికే కనిపిస్తుంది.

పోయిన వారం అదే సైట్ నుంచి అదే టెక్నీషియన్ మళ్లీ ఫోన్ చేశాడు. ఆ ప్యానెల్ లేబుళ్లన్నీ కొత్తగా కొట్టి మార్చి చాలాకాలమైంది. ఈసారి ఒక వాల్వ్ తెరుచుకోవడం లేదట. "సార్, ప్లస్ సి2లో మైనస్ కె14 దగ్గర ఉన్నా. లైటు వెలగట్లేదు" అన్నాడు. నేను డ్రాయింగ్‌లో కె14 అని వెతికి షీట్ తెరిచాను. "దానికి కింద 218 అని ఫెరూల్ ఉందా?" అని అడిగాను. "ఉంది సార్, 218" అన్నాడు. "అయితే తియ్యి" అన్నాను.